లెటర్ ఉన్నంతకాలం సింహాసనానికి ఢోకా లేదు

జనం కడుపు మండితే రాజ్యాలు కూలిపోతాయని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళెవరూ తిరుమల సర్వదర్శనం కంపార్టుమెంట్లో ఒక పూట కూర్చున్నట్టు లేదు.

అక్కడ తెల్లవారుజాము నుంచి కూర్చున్న ఒక పెద్దమనిషిని చూడండి. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది, పక్కన ఖాళీ పాలగ్లాసు. ఎమ్మెల్యేల సిఫార్సు లెటర్ ఉన్నవాళ్ళు ఈ క్యూ లేకుండా బ్రేక్ దర్శనం చేసుకుని, లడ్డూ సంచులతో ఈపాటికి కొండ దిగిపోయి ఉంటారని ఆయనకు తెలుసు. వాళ్ళ మీద కోపం ఉందా? లేదు. ‘మా తోడల్లుడికి ఎమ్మెల్యే పీఏ బాగా తెలుసు సామీ. పోయిన తడవ లెటర్ ఇప్పించినాడు. ఈసారి ఫోన్ ఎత్తలేదు గానీ, వచ్చే తడవ ఖాయం’ అంటాడు. ఆయన కోపమంతా ఫోన్ ఎత్తని పీఏ మీదే. ఇలాంటి మనిషి చేత విప్లవం చేయించడం లెనిన్ వల్ల కూడా కాదు.

కాబట్టి రాజనీతి శాస్త్రానికి నా వంతు విరాళం ఇది. ఆకలికీ పన్నులకూ యుద్ధానికీ జనం విసిగిపోతారు, అంతే. లెటర్ దొరుకుతుందన్న ఆశ పోయిన రోజే తిరగబడతారు.

ఫ్రాన్సు సంగతి చూద్దాం. ప్రభువులకు, మతాధికారులకు చాలా పన్నులు మాఫీ. అంటే బ్రేక్ దర్శనమే. ఆ భారం మోసేది మిగతా జనం. తరతరాలుగా ఇదే తంతు, అయినా సింహాసనం కదల్లేదు. ఎందుకంటే డబ్బున్న వర్తకుడు రాజుగారి దగ్గర ఒక పదవి కొనుక్కుంటే, కొన్నాళ్ళకు ఆయన వంశమూ ప్రభువుల జాబితాలో చేరిపోయేది. అంటే సిఫార్సుల కౌంటర్ తెరిచి ఉండేది. 1781లో యుద్ధమంత్రి సెగ్యూర్‌కు ఏం పుట్టిందో, సైన్యంలో ఆఫీసరు కావాలంటే నాలుగు తరాల ప్రభువంశం రుజువు చూపించాలన్నాడు. మన దగ్గర ఆధార్ జిరాక్సు చాలు! ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 1789 జూలై 14న బాస్టీల్ కోట జనం చేతికి చిక్కింది. ఆ రోజు రాజు 16వ లూయీ తన డైరీలో ‘ఏమీ లేదు’ అని రాసుకున్నాడు. వేటలో ఏమీ పడలేదని. పాపం, పీఏ చెప్పి ఉండడు.

అదే ఏడాది అక్టోబరులో పారిస్ ఆడవాళ్ళు రొట్టె కోసం వానలో ఇరవై కిలోమీటర్లు నడిచి రాజుగారుండే వెర్సాయ్ వెళ్ళారు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు ఎక్కే మనవాళ్ళకు నడక కొత్త కాదు గానీ, మనం ప్రసాదంతో దిగుతాం. వాళ్ళు రాజునూ రాణినీ కొడుకునూ వెంటబెట్టుకుని తిరిగొచ్చారు.

నా సిద్ధాంతానికి అసలైన బలం మాత్రం రష్యాలో ఉంది. పెట్రోగ్రాడ్‌లో గోరోఖోవాయా వీధి, 64వ నంబరు ఇల్లు. పొద్దున్నే మెట్ల నిండా జనం. ఉద్యోగాలు కావలసినవాళ్ళు, కాంట్రాక్టులు కావలసినవాళ్ళు, కొడుకును యుద్ధానికి పంపకుండా ఆపాలనుకునే తల్లులు. లోపల రాస్‌పుటిన్. రష్యా చక్రవర్తి జార్ కుటుంబం నమ్మిన సాధువు. చదువు అంతంత మాత్రం. పైన శిలువ గుర్తు వేసి, ఈ మనిషి పని చేసిపెట్టు నాయనా అని వంకర అక్షరాలతో మంత్రులకు చీటీలు రాసిచ్చేవాడు. అలాంటి మనిషిని 1916 డిసెంబరులో చంపేశారు. చంపింది విప్లవకారులు కాదు, రాచరికాన్ని కాపాడదామనుకున్న రాజబంధువులూ వాళ్ళ మిత్రులూ! ఉన్న ఒక్క కౌంటర్నీ మూసేసి, ఇక గండం గడిచిందనుకున్నారు.

రెండు నెలలు పట్టింది. దేశంలో ధాన్యం లేక కాదు, దాన్ని రాజధానికి చేర్చే రైళ్ళు సరిగ్గా నడవక, రొట్టె దుకాణాల ముందు ఆడవాళ్ళు గడ్డకట్టే చలిలో గంటలకొద్దీ నిలబడ్డారు. పాలూ లేవు, పొంగలీ లేదు, కంపార్టుమెంటుకు పైకప్పూ లేదు. అక్కడి పాత క్యాలెండర్ ప్రకారం 1917 ఫిబ్రవరి 23న మిల్లుల ఆడవాళ్ళు పని ఆపి వీధిలోకి వచ్చారు. జార్ నికొలాస్ దూరంగా మొగిలేవ్‌లో, సైనిక కేంద్రంలో ఉన్నాడు. రెండు రోజులకు, అల్లర్లు రేపటికల్లా ఆపేయాలని తంతి కొట్టాడు. మర్నాడు సైనికులు కాల్చారు. ఆ మర్నాడు వోలిన్‌స్కీ రెజిమెంటు సైనికులు తుపాకులతో సహా జనంలో కలిసిపోయారు. వాళ్ళూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళకు మాత్రం ఎవరు రాసిస్తారు లెటర్?

ఇంటికి బయలుదేరిన జార్ రైలు దారి మళ్ళి ప్స్కోవ్ చేరింది. అక్కడికి సైన్యాధిపతుల తంతులు వరసగా వచ్చాయి. అందరిదీ ఒకటే సిఫార్సు: దిగిపొండి. మార్చి 2న సంతకం పెట్టాడు. తమ్ముడు మిఖాయిల్ మర్నాడే కిరీటం నాకొద్దన్నాడు. 1613 నుంచి ఉన్న రొమనోవ్‌ల గద్దె మీద ఇక కూర్చునేవాడే లేడు.

నేపాల్‌ది ఇంకా చిన్న కథ. అక్కడ రాజంటే విష్ణువు అవతారం. 2005 ఫిబ్రవరి 1న అధికారమంతా చేతిలోకి తీసుకున్న జ్ఞానేంద్ర, ఫోన్ లైన్లు కట్ చేయించాడు. ఫోన్ లేకుండా సిఫార్సు ఎలా సామీ? 2006 ఏప్రిల్‌లో జనం పంతొమ్మిది రోజులు రోడ్లెక్కి ఆయన్ను తలవంచేలా చేశారు. 2008 మే 28న రాచరికమే రద్దయింది.

ఇంత దూరం తిరగడమెందుకు, మన తిరుపతి గంగమ్మకు ఇదంతా ఏనాడో తెలుసు. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషం కట్టి వెతికింది. బైరాగి వేషానికి రాలేదు, తోటి వేషానికి రాలేదు. ఊరంతా బూతులు తిట్టినా బయటికి రాలేదు. చివరికి దొర వేషం వేసేసరికి, ఎవరో పెద్దాయన వచ్చాడని పరుగున వచ్చి తల పోగొట్టుకున్నాడు. పాలెగాడికి కూడా పైవాడి పిలుపంటే అంత మోజు. మర్నాడు అమ్మ మాతంగి వేషంలో వెళ్ళి అతని పెళ్ళాన్ని ఓదార్చిందట. విప్లవంలో ఈ మర్యాద ఫ్రెంచివాళ్ళకు తోచలేదు. 1793 జనవరిలో లూయీని, అక్టోబరులో ఆయన పెళ్ళాన్ని, ఇద్దర్నీ గిలెటిన్ ఎక్కించారు.

తల తీసినంత మాత్రాన కౌంటర్ ఉండదనుకున్నారేమో. 1808లో నెపోలియన్ కౌంట్, బేరన్ అని బిరుదులిచ్చి కొత్త ప్రభువులను తయారు చేయడం మొదలుపెట్టాడు. వాళ్ళలో నిన్నటి విప్లవకారులూ ఉన్నారు. అంటే పదిహేనేళ్ళ విరామం. మన పాత చిత్తూరు జిల్లాలో కార్వేటినగరం, పుంగనూరు జమీందారీల కాలం 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో చెల్లిపోయింది. ఇక్కడ మాత్రం కౌంటర్ ఒక్క మధ్యాహ్నం కూడా మూతపడినట్టు లేదు. పడి ఉంటే భోజనానికి వెళ్ళి ఉంటారు.