మేడ మీద తోట సరే, శ్లాబు సంగతి చూస్తున్నారా?

మేడ మీద తోటలు పెంచేవాళ్ళని చూస్తే నాకు నిజంగా ఆనందం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఏ వీధిలో తలెత్తి చూసినా పిట్టగోడ మీంచి బీరపాదో మల్లెతీగో కనిపిస్తోంది. పైగది సెగ తగ్గుతుంది, మందు కొట్టని కూర ఇంట్లోకొస్తుంది. కానీ మొక్కకి ఏ ఎరువు వేశారో పేజీలకి పేజీలు రాసేవాళ్ళు, ఆ మొక్కని మోస్తున్న శ్లాబుని ఎప్పుడు శుభ్రం చేశారో ఒక్క ముక్క రాయరు. నా బాధంతా అక్కడే.

మన పెద్దవాళ్ళకి ఈ పట్టింపు ఉండేది. పెంకుటింటి మీద ఆనపపాదు, గుమ్మడిపాదు పాకించడం గోదావరి జిల్లాల్లో కొత్తేమీ కాదు. కాపు అయిపోగానే పాదు లాగేసి, వానలు రాకముందే మనిషిని పెట్టి పగిలిన పెంకులు మార్పించి, నేత సరిచేయించేవారు. అది ఏటా ఉండే ఖర్చే. డాబాలొచ్చాక మాత్రం "శ్లాబు వేశాం, ఇంక చూసుకోనక్కర్లేదు" అనే ధీమా పట్టుకుంది. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పూడిక, గుర్రపుడెక్క తీయకపోతే జూన్‌లో నీళ్ళు వదిలినా శివారు పొలానికి ఎక్కవని మనందరికీ తెలుసు. మేడ మీద తూము కూడా అంతేనండీ. పైగా మన దగ్గర నైరుతి వానలు అయిపోయాయనుకునేలోపే అక్టోబరు, నవంబరు వాయుగుండాలు మొదలవుతాయి. శ్లాబుకి ఆరే వ్యవధే తక్కువ.

ముందు బరువు. మనుషులు తిరిగే డాబాకి మన దేశపు ప్రమాణం, అంటే ఐఎస్ 875, దాని సొంత బరువు కాక లెక్కలోకి తీసుకోమనేది చదరపు మీటరుకి 150 కిలోలు. చదరపు అడుగుకి 14 కిలోలన్నమాట. ఒక ఘనపుటడుగు తడిమట్టి 50 కిలోల దాకా తూగుతుంది. "రెండు వరసలు ఇటుకలు పేర్చి, పట్టా పరిచి, మట్టి పోసేయండి" అని సలహాలిచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. అడుగు లోతు మడిలో చేలోని నల్లమట్టి నింపితే ఆ ఇంటి నెత్తిన ఎంత పెట్టినట్టో లెక్కేసుకోవద్దా? మన ఒండ్రుమట్టి నీళ్ళు పట్టిందంటే ఓ పట్టాన వదలదు కూడా. కోనసీమ పక్కన ఉండి కొబ్బరిపొట్టుకి కరువేంటి? నాలుగైదుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త ఎర్రమట్టి కలుపుకుంటే బరువు బాగా తగ్గుతుంది. జామ, నిమ్మ పెట్టిన డ్రమ్ములు కింద గోడలూ బీములూ ఉన్న చోటే ఉండాలి, గది నడిమధ్యన వద్దే వద్దు. కడియం నర్సరీలకి వెళ్ళి మొక్కలతో డిక్కీ నింపుకుని రాకముందే ఆ చోట్లేవో చూసిపెట్టుకోండి. ఇంక మేడంతా పచ్చిక పరవాలన్న కోరిక ఉంటే, శ్లాబు పోయకముందే ఇంజనీరుకి చెప్పాలి.

ఇప్పుడు మీ మేడెక్కి, నేల మీద నేరుగా పెట్టిన కుండీ ఒకటి పక్కకి జరపండి. కింద గుండ్రంగా నల్లటి చెమ్మ మరక, దాని చుట్టూ పాకుడు. కుండీ అడుగు కన్నంలోంచి తెల్లటి వేళ్ళు బయటికొచ్చి, గచ్చు మీద జుట్టు పాయంత సన్నటి పగులు వెంట పాకుతుంటాయి. తూము దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూస్తే ఎండుటాకులు, మట్టి, పీచు కలిసి ముద్దకట్టి ఉంటాయి. ఆ గుప్పెడు ముద్ద వల్ల పది అడుగులకి పది అడుగుల జాగాలో అంగుళం నీళ్ళు నిలిచినా 230 కిలోలు దాటుతుంది. ఆ నీళ్ళు పగుళ్ళలోంచి దిగి శ్లాబు లోపలి ఇనప ఊచని తాకుతాయి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటుని లోపల్నించి పగలదీస్తుంది, పెచ్చులూడతాయి. అప్పుడు కింది నుంచి పుట్టీ పెట్టి రంగేయిస్తారు! కారేది పైన, మందు కింద. సీలింగుని కర్రతో తట్టి చూడండి, డొల్ల మోత వచ్చిందంటే రంగులవాడిని కాదు, ఇంజనీరుని పిలవాలి.

కారగానే "ముందా తోట పీకేయండి" అనే మేస్త్రీలతో కూడా నాకు పేచీయే. ఇనప స్టాండ్ల మీదో, నాలుగు ఇటుకల మీదో కుండీలెత్తి, కింద చీపురు దూరేంత ఖాళీ ఉంచి, నెలకోసారి ఊడిస్తే చాలా ఇళ్ళలో ఈ గొడవే రాదు. తూము నోటికి జాలీ పెట్టించండి. కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళు వారానికోసారైనా పారబోయండి, డెంగీ దోమ పుట్టేది అందులోనే. పిట్టగోడ సందులో రావిమొలక కనిపిస్తే పైపైన తుంచితే మళ్ళీ వస్తుంది, వేరుతో సహా తవ్వించి సిమెంటు పూడ్పించాలి.

వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలంటే ఏప్రిల్, మే నెలలే అదను. కుండీలు ఒక పక్కకి చేర్చి, శ్లాబు బొటాబొటిగా కాదు, పూర్తిగా ఎండాక వేయించండి. వానల్లో కారుతోందని కంగారుపడి తడి మీద పూసిన పూత పొరలుపొరలుగా లేచిపోతుంది, డబ్బు దండగ. పూత ఆరాక తూములు గుడ్డలతో బిగించి అంగుళం నీళ్ళు ఒక రోజంతా నిలిపి, కింది గదిలో చెమ్మ దిగుతోందేమో చూసుకోండి. పెచ్చులూడుతున్న శ్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే గ్రీన్‌నెట్టు విప్పేయండి, పందిరి దించేయండి, తూములు ఇంకోసారి చూడండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి గాలి ఏం చేయగలదో నేను చెప్పక్కర్లేదు. పిట్టగోడ మీద కుండీలు మామూలు రోజుల్లో కూడా పెట్టకండి, కింద వీధిలో పిల్లలు ఆడుకుంటారు.