పల్లె పిల్లల తిండి మీద మన భ్రమ

పట్నం పిల్లలు చిరుతిళ్లతో పాడవుతున్నారు, పల్లె పిల్లలు ఇంటి తిండితో గట్టిగా ఉన్నారు. ఈ మాట ఇంకా ఎంతోమంది నమ్ముతున్నారు. నేను నమ్మను. బడికెళ్లే వయసు పిల్లల తిండిని ఊరి పేరుతో తూచే రోజులు పోయాయి.

1985 నుంచి 2017 వరకు ప్రపంచంలో పెద్దల సగటు శరీర బరువు సూచీ (ఎత్తుతో పోల్చి బరువును చూపే లెక్క, బీఎంఐ) ఎంత పెరిగిందో అందులో సగానికి పైగా, 55 శాతం కంటే ఎక్కువే, గ్రామాల నుంచే వచ్చిందని 2019లో 'నేచర్' పత్రిక అచ్చేసిన అధ్యయనం తేల్చింది. అది పెద్దవాళ్ల లెక్కే. అయితే పిల్లలు పెరుగుతున్నది ఆ ఇళ్లలోనే కదా.

కారణం చాలా మామూలుది. పాలు, పండ్లు, ఆకుకూరలు రెండు రోజులు ఆగితే పాడవుతాయి, వాటికి చల్లదనం కావాలి, రోజూ బండి రావాలి. ప్యాకెట్టుకు ఇవేవీ అక్కర్లేదు. నెలల తరబడి దుమ్ములో వేలాడినా చెడదు. అందుకే మారుమూల కొట్టుకు పండు కంటే ముందు ప్యాకెట్టు చేరింది. పండించే ఊళ్లో కూడా మంచి కాయ అమ్మకానికి వెళ్లిపోతుంది. ఇంట్లో కడుపు నింపేది ఎక్కువగా పిండి పదార్థమే. పప్పు, గుడ్డు, కూర తక్కువ. నెలసరి మొదలైన అమ్మాయికి ఇనుము అవసరం పెరిగే సమయానికి కంచంలో అది ఉండదు. చేతిలో మాత్రం తీపి సీసా ఉంటుంది. 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పల్లె పిల్లలు నడుస్తారు, ఆడతారు, పనిచేస్తారు, అరిగిపోతుంది అంటారు. నిజమే, కదలిక మేలు చేస్తుంది. కానీ లేని ఇనుమును, లేని మాంసకృత్తులను నడక తెచ్చిపెట్టదు.

పట్నంలో పొద్దున తినకుండా పరుగెత్తడం, రాత్రి ఫోన్ చూస్తూ తినడం అనే జబ్బులున్నాయి. అక్కడ కనీసం ఎంచుకునే వీలుంది.

ఇంత జరుగుతున్నా మనం చేసేది అమ్మలకు పాఠాలు చెప్పడం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కంపెనీ వాడు బడి గేటు దాకా వస్తుంటే తప్పు వంటింటిదా? చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక గుర్తు పెట్టించింది, బడుల్లో వాటి అమ్మకం ఆపింది, పిల్లలకు గురిపెట్టే ప్రకటనలకు కళ్లెం వేసింది. తొలి దశలోనే హెచ్చరిక గుర్తున్న పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గాయి. ఇలాంటి చట్టం ఏ దేశం తెచ్చినా గ్రామీణ బడులకు మినహాయింపు ఉండకూడదు. తనిఖీలు మొదలవ్వాల్సింది కూడా ఆ బడుల నుంచే.