నిరుద్యోగి అనే మాటను రద్దు చేయాలి

ముందుగా ఒక విషయం తేల్చేద్దాం. మన దగ్గర నిరుద్యోగం లేదు. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను, సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా మేనల్లుడు మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున తొమ్మిదింటికల్లా లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే "ఐదు నిమిషాలు మావయ్యా, సెషన్ ఎక్స్‌పైర్ అయిపోతుంది" అంటాడు, రాత్రి పన్నెండు దాకా అదే పని. నేను ప్రభుత్వ ఆఫీసులో ముప్పై మూడేళ్లు చేశాను, ఏ ఒక్క రోజూ అంత కష్టపడిన పాపాన పోలేదు. అయినా నన్ను ఉద్యోగి అన్నారు, ఇప్పటికీ పింఛను ఇస్తున్నారు. వాణ్ని మాత్రం పెళ్లికి వెళ్లినా పేరంటానికి వెళ్లినా "ఏరా, ఇంకా ఖాళీయేనా?" అని అడుగుతున్నారు.

ఖాళీ అట! వాడికి ఖాళీ దొరికితే కదా.

అసలు ఉద్యోగం అనే మాటకు అర్థం ప్రయత్నం, పూనిక. జీతం సంగతి ఆ మాటలో ఎక్కడా లేదు, మనం తర్వాత తగిలించుకున్నాం. భారతంలో ఐదోది ఉద్యోగ పర్వం, అందులో ఎవరూ టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లరు. యుద్ధం మొదలవ్వకముందు సాగే సన్నాహాలు, రాయబారాలు, అటు కబుర్లు ఇటు కబుర్లు, ఇదే ఆ పర్వమంతా. ఆ లెక్కన అప్లికేషన్లు పెడుతూ కూర్చున్నవాడే అసలైన ఉద్యోగి, ఎక్కడో చేరిపోయి ప్రయత్నం మానేసినవాడు నిరుద్యోగి. పండితులెవరైనా కాదంటే వచ్చి వాదించవచ్చు, మా మేనల్లుడు ఎలాగూ ఇంట్లోనే ఉంటాడు.

1997లో నౌకరీ డాట్ కామ్ అనే ఉద్యోగాల సైటు పెట్టినవాళ్లకు తెలుగు తెలుసో లేదో కానీ, ఆ మాట మనకు భలే అమరింది. తెలంగాణలో నౌకరీ అంటే కొలువు, గౌరవం. కోస్తా వైపు వెళ్తే నౌకరంటే చెప్పిన పని చేసి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒకే మాటలో ముందు ఆశ, వెనక వాస్తవం.

మా కాలంలో ఇంత సౌకర్యం ఎక్కడిది? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అని ఒకటుండేది. సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని పొద్దున్నే లైన్లో నిలబడితే మధ్యాహ్నానికి కార్డు చేతికొచ్చేది. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఒకసారి మరిచిపోయామా సీనియారిటీ పోయినట్టే. దానికో చట్టం కూడా ఉండేది, 1959 నాటిది. ఖాళీలుంటే యజమానులు ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలియజేయాలని చెప్పేది, పాతిక మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలకూ ఆ రూలుండేది. అయితే ఎక్స్ఛేంజీ పంపినవాళ్లనే తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం లేదని అదే చట్టం చెప్పేది. అంటే భోజనం ఉందని చెప్పి తీరాలి, వడ్డించాలని లేదు. ఇప్పటి పోర్టళ్లన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తున్నాయి, కాకపోతే అప్పుడు లైన్ ఒకటే, ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఏకకాలంలో పదిహేను లైన్లలో నిలబడవచ్చు. దీన్నే ప్రగతి అంటారు.

వాడి ఉద్యోగంలో ఒక రాత్రి డ్యూటీ గురించి చెప్పాలి. ఏదో బ్యాంకు పరీక్షకు దరఖాస్తు, ఆ రోజే ఆఖరు తేదీ, అప్పటికే టైము రాత్రి పదకొండు. ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి, సంతకం 10 నుంచి 20 మధ్య, క్యాపిటల్ లెటర్స్‌లో సంతకం చెల్లదు. సొంత చేతిరాతతో ఇంగ్లిష్‌లో ఒక డిక్లరేషన్. వీటితోపాటు ఎడమచేతి బొటనవేలి ముద్ర. ఇక్కడ నాకు కళ్లు చెమర్చాయి. మా తాత వేలిముద్ర వేసేవాడు. ఆ అవమానం భరించలేక మా నాన్న రాత్రిబడికి వెళ్లి సంతకం నేర్చుకున్నాడు. నేను డిగ్రీ చదివాను. మూడు తరాల పోరాటం తర్వాత, ఫ్లూయిడ్ మెకానిక్స్ చదువుకున్న మా మేనల్లుడు తెల్ల కాగితం ముందు బొటనవేలు చాపుకుని "మావయ్యా, స్టాంప్ ప్యాడ్ ఉందా?" అంటున్నాడు.

నా రిటైర్మెంట్‌తోపాటే స్టాంప్ ప్యాడ్ కూడా రిటైరైపోయింది. ఆ వేళప్పుడు షాపులెక్కడుంటాయి? పెన్ను రీఫిల్ కోసి వేలికి రాశాం, మచ్చ వచ్చింది కానీ ముద్ర రాలేదు. చివరికి మా ఆవిడ కాటుక డబ్బా తెచ్చింది. అద్భుతంగా పడింది ముద్ర, గీతలన్నీ లెక్కపెట్టొచ్చు. ఫోన్‌లో ఫొటో తీస్తే 3 ఎంబీ. దాన్ని తగ్గించే సైటు ఒకటి వెతికి తగ్గిస్తే 62 కేబీ, ఇంకోసారి తగ్గిస్తే 17. ఇరవైకి తక్కువ పనికిరాదు. మళ్లీ పెంచే సైటు. పదకొండూ నలభై ఎనిమిదికి 41 కేబీ దగ్గర ముద్ర స్థిరపడింది, ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. ఫీజు కట్టాడు. డబ్బు కట్ అయింది, తెల్ల చక్రం తిరుగుతూ ఉంది, కింద "బ్యాక్ బటన్ నొక్కవద్దు, రిఫ్రెష్ చేయవద్దు" అని హెచ్చరిక. ఎవరూ నొక్కలేదు. ఊపిరి కూడా పీల్చలేదు. ఆ చక్రం పన్నెండు దాటాక కూడా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఉద్యోగం కాదా? నైట్ అలవెన్స్ ఎవరిస్తారు?

ఇక ప్రైవేటు పోర్టళ్ల డ్యూటీ వేరు. అక్కడ రెజ్యూమె అప్‌లోడ్ చేయమంటారు, చేశాక అందులో ఉన్నదంతా మళ్లీ గళ్లలో టైప్ చేయమంటారు. శుభలేఖ చేతికిస్తే "బాగుంది, ఇప్పుడు చదివి వినిపించండి" అన్నట్టు ఉంటుంది. రోజూ ప్రొఫైల్‌లో ఏదో ఒకటి మారిస్తే పేరు పైకొస్తుందని కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది, కాబట్టి మావాడు సోమవారం హెడ్‌లైన్ చివర చుక్క పెడతాడు, మంగళవారం తీసేస్తాడు, మా ఆవిడ తులసికోటకు నీళ్లు పోసే వేళకే ఈ తతంగమూ అయిపోతుంది. రెండేళ్ల నిష్ఠకు ఫలితంగా ఒక మెయిల్ వచ్చింది: మీకు చక్కగా సరిపోయే ఉద్యోగం, సూరత్‌లో చీరల డిజైనర్. వాడు రెజ్యూమెలో మెషిన్ డిజైన్ అని రాసుకున్నాడు లెండి. యంత్రానికి మెషిన్ కనిపించలేదు, డిజైన్ కనిపించింది.

"ఫ్రెషర్స్ కావాలి, రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అనే ప్రకటన మీద అందరూ జోకులేస్తారు, నాకు అందులో తప్పేం కనిపించలేదు. వాడికి రెండేళ్ల అనుభవం ఉంది. ఆ రెండేళ్లలో పెట్టిన 412 దరఖాస్తులకూ ఎక్సెల్ షీట్ ఉంది, కంపెనీ పేరు, తేదీ, పోర్టల్, పాస్‌వర్డ్, స్టేటస్ అని కాలమ్స్ గీసి, రంగులు కూడా వేశాడు. మా ఆఫీసు డెస్పాచ్ రిజిస్టర్ ఎప్పుడూ అంత శుభ్రంగా ఉండేది కాదు. స్టేటస్ కాలమ్‌లో మాత్రం పైనుంచి కింది దాకా దాదాపు ఒకటే మాట, "అప్లైడ్".

లింక్డ్ఇన్ సంగతికొస్తే, అది ఉద్యోగాల సైటని మొదట్లో అనుకున్నాను, కాదు, సన్మాన సభ. ఒకరికి ప్రమోషన్ వస్తే "ఎంతో వినమ్రంగా" ప్రకటిస్తారు, ఉద్యోగం పోతే అంతకన్నా వినమ్రంగా ప్రకటించి, అందులోంచి నేర్చుకున్న ఏడు పాఠాలు చెబుతారు. కింద వంద మంది అభినందనలు. మనవాళ్లు సత్యనారాయణ వ్రతం చేసుకుని ఊరంతా ప్రసాదం పంచినట్టు, ఆరు గంటల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ పంచుతారు. పని వెతుకుతున్నామని తెలియాలంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెట్టుకోవాలట. పెట్టుకుంటే చులకనైపోతామని కొందరు, పెట్టుకోకపోతే ఎవరికీ తెలియదని కొందరు, దీని మీద కూడా సలహాలిచ్చే గురువులున్నారు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు "అమ్మాయి పేరు వెబ్‌సైట్‌లో పెట్టామని బయట చెప్పకండి" అనే తల్లిదండ్రులు గుర్తొస్తారు నాకు.

నిజానికి పనికొచ్చేవి లేవా అంటే ఉన్నాయి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ ఉంది, పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పాఠాలు రూపాయి ఖర్చు లేకుండా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. 2017 నుంచి 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఉంది. కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, రిజిస్ట్రేషన్ ఉచితం. ఆ ఉచితం కావడమే వాటికి పట్టిన శని. ఊరికే దొరికే పాఠం మీద మనకు నమ్మకం ఉండదు, అదే అమీర్‌పేటలో ఓ మూడో అంతస్తు గదిలో ఇరవై వేలు కడితే విద్య వచ్చేసినట్టే ఉంటుంది. మా మేనల్లుడు ఎన్‌పీటీఈఎల్‌లో ఒక కోర్సు శ్రద్ధగా పూర్తి చేశాడు. అన్నిటికన్నా వాడు ఎక్కువ నేర్చుకున్నది అక్కడే, చుట్టాలకు చెప్పుకోలేనిదీ అదే. "ఎంత కట్టావురా?" అంటే ఏం చెప్తాడు?

ఇంకో రకం ఉద్యోగాలు టెలిగ్రామ్‌లో ఉంటాయి. హోటళ్లకు రేటింగ్ ఇవ్వడమే పని, మొదటి రోజు నిజంగానే నూట యాభై వేస్తారు, నాలుగో రోజు "ప్రీమియం టాస్క్" కోసం ఐదు వేలు డిపాజిట్ కట్టమంటారు. దీనికి మాత్రం నేను నవ్వలేను. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సిగ్గుపడి ఆలస్యం చేస్తే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

సరే, మళ్లీ మన వాదన. ప్రభుత్వ కొలువుల వైపు చూస్తే వెతకడం ఎంత స్థిరమైన ఉద్యోగమో అర్థమవుతుంది. రైల్వేలో ఎన్‌టీపీసీ, అంటే సాంకేతికేతర పోస్టుల 2019 నోటిఫికేషన్‌లో పోస్టులు 35 వేల చిల్లర, దరఖాస్తులు కోటీ పాతిక లక్షలు. మొదటి దశ పరీక్షే 2020 డిసెంబరు 28న మొదలైంది. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్, ఆ అక్టోబరులో ప్రిలిమ్స్, పేపర్ లీకై రద్దు. 2023 జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, హైకోర్టులో రద్దు. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడో ప్రిలిమ్స్. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ ఈ మూడూ రాసినవాళ్లున్నారు. ప్రైవేటు కంపెనీల్లో కుర్రాళ్లు ఏడాదికో చోటికి మారుతుంటారు కదా, వీళ్లు ఒకే పరీక్షను మూడేళ్లు అంటిపెట్టుకున్నారు. ఇంతటి విధేయత ఏ కంపెనీకి దొరుకుతుంది?

అందుకని ప్రభుత్వానికి నా ప్రతిపాదనలు సమర్పిస్తున్నాను. నిరుద్యోగి అనే మాటను రికార్డుల్లోంచి తీసేయాలి. మొదటి ఏడాది జూనియర్ దరఖాస్తుదారు, వంద దరఖాస్తులు దాటితే సీనియర్, రెండుసార్లు రద్దయిన పరీక్ష రాసినవాళ్లకు గెజిటెడ్ హోదా. సర్వర్ పడిపోయిన రోజు ప్రభుత్వ సెలవు. ఓటీపీ కోసం ఎదురుచూసిన సమయాన్ని ఓవర్‌టైమ్ కింద లెక్కగట్టాలి. మరిచిపోయిన ప్రతి పాస్‌వర్డ్‌కూ ఒక ఇంక్రిమెంట్ కోత పెట్టుకోండి, అభ్యంతరం లేదు. వయోపరిమితి దాటిన రోజున పదవీ విరమణ సభ పెట్టి శాలువా కప్పి, స్టాంప్ ప్యాడ్ బహూకరించాలి.

ఒక్క లోటు మాత్రం పూడ్చాలి, జవాబు. ఉద్యోగ పర్వంలో కృష్ణుడు రాయబారం వెళ్లి అయిదూళ్లైనా ఇవ్వమన్నాడు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. దుర్మార్గుడే, కాదనను. కానీ నిండు సభలో, ముఖం మీద, అదే రోజు చెప్పాడు. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది" అని పద్నాలుగు నెలలు కూర్చోబెట్టలేదు. మా మేనల్లుడి 412లో ఆ మాత్రం మర్యాద చూపించినవి పంతొమ్మిది.

ఈ వ్యాసం కోసం పరిశోధన కూడా చేశాను. ఒక పోర్టల్‌లో నా పేరు మీదే ఖాతా తెరిచాను. అనుభవం ముప్పై మూడేళ్లు, నైపుణ్యాలు ఫైలు నడపడం, ఫైలు ఆపడం. నాలుగో రోజు ఫోన్ మోగింది, ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒకమ్మాయి.

"నమస్తే సార్, మీలాంటి రిటైర్డ్ వాళ్లకు పరిచయాలు బాగా ఉంటాయి కదా, అడ్వైజర్‌గా అవకాశం ఉంది. ఎప్పుడు జాయిన్ అవ్వగలరు?"

స్పీకర్‌లో పెట్టాను. మా మేనల్లుడు లాప్‌టాప్ మీంచి తలెత్తి, గొంతు తగ్గించి "నోటీస్ పీరియడ్ లేదని చెప్పు మావయ్యా, ఇమీడియట్ జాయినర్ అను" అన్నాడు. అన్నాను. ఆమె ఎంతో సంతోషించింది.

వాడు తన ఎక్సెల్ షీట్‌లో 413వ వరస తెరిచి, నా పేరు టైప్ చేసి, స్టేటస్ కాలమ్‌లో రెండేళ్లలో మొదటిసారిగా "కాల్ వచ్చింది" అని రాసి, ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశాడు.