బల్కర్ డ్రైవర్‌కు అసలు పరీక్ష సైలో దగ్గరే

సిమెంటు, ఫ్లైయాష్, సున్నం, పిండి వంటి పొడి సరుకు మోసే ట్యాంకర్ లారీల (బల్కర్ల) మీదికి కొత్తగా వచ్చే డ్రైవర్‌ను ముందుగా అడిగేది లైసెన్సు, ఎన్నేళ్లు బండి తోలాడన్న లెక్క. ఆ రెండూ కావాలి. కానీ ఈ ఉద్యోగంలో కొత్తవాళ్లకు దెబ్బలు తగిలేది, సరుకు పాడయ్యేది ఎక్కువగా బండి ఆపిన తర్వాతే. దాన్ని ఇంకా డ్రైవింగ్ ఉద్యోగంగానే చూడటం పెద్ద పొరపాటు.

రోడ్డు సంగతి త్వరగా తేలిపోతుంది. పొడి సరుకు నీళ్లలా ఊగదు. అయితే ట్యాంకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి బరువూ పైనే ఉంటుంది. మలుపులో వేగం ముందే తగ్గించాలి, మలుపు మధ్యలో బ్రేకు తొక్కకూడదు.

అన్‌లోడింగ్ అంటే సరుకును గాలితో తోసి సైలోలోకి, అంటే పొడి నిల్వ చేసే ఎత్తైన తొట్టిలోకి ఎక్కించడం. గాలి కొట్టే యంత్రమైన బ్లోయర్ నుంచి గాలి రెండు దారుల్లో పోతుంది. ఒకటి ట్యాంకులోకి వెళ్లి ఒత్తిడి పెంచుతుంది, అడుగున ఉన్న కాన్వాస్ గుడ్డ గుండా పొడిలోకి దూరి దాన్ని పారేలా చేస్తుంది. రెండోది నేరుగా సరుకును సైలోకి చేర్చే పైపులోకి వెళ్తుంది. ట్యాంకులో ఒత్తిడి పైపులో కంటే కాస్త ఎక్కువ ఉన్నంతసేపు సరుకు కదులుతుంది. కొత్తవాడు తొందరగా ఖాళీ చేద్దామని అడుగు వాల్వు ఒక్కసారిగా పూర్తిగా తెరుస్తాడు. గాలి మోయగలిగిన దానికంటే ఎక్కువ సరుకు పడి, ఏదో ఒక వంపు దగ్గర పైపు బిగుసుకుపోతుంది. అప్పటిదాకా అదురుతున్న హోస్ (బండి నుంచి సైలో పైపుకు తగిలించే గొట్టం) కదలకుండా పడి ఉంటుంది, పైపు గేజి ముల్లు పైకి లేచి ట్యాంకు గేజితో సమానమవుతుంది. వెంటనే అడుగు వాల్వు మూసి, పైపులోకి గాలి మాత్రమే వదలాలి. అయినా తెరుచుకోకపోతే బ్లోయర్ ఆపి, ట్యాంకులోనూ పైపులోనూ గాలంతా వదిలేశాకే హోస్‌ను బిగించిన కప్లింగ్ ముట్టుకోవాలి. ఒత్తిడి ఉండగా విప్పితే హోస్ కొరడాలా తిరిగి కొడుతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది పైమూతకు. 50 సెంటీమీటర్ల వెడల్పున్న మూత మీద 1 బార్ ఒత్తిడి అంటే కింది నుంచి సుమారు 2 టన్నుల తోపు. 0.1 బార్ మిగిలినా 200 కిలోలు. అంత కొద్ది ఒత్తిడిలో గేజి ముల్లు దాదాపు సున్నా మీదే కనిపించవచ్చు, దుమ్ము పట్టిన గేజి అయితే సున్నా చూపిస్తూనే ఉండొచ్చు. అందుకే గేజిని నమ్మి మూత క్లాంపులు విప్పకూడదు. గాలి వదిలే వాల్వు తెరిచి, బుస పూర్తిగా ఆగేదాకా ఆగి, ఆ వాల్వు తెరిచి ఉంచే పైకెక్కాలి.

చివరి నిమిషాలు ఇంకో రకం ప్రమాదం. ట్యాంకు ఖాళీ అవుతుంటే పైపులో అడ్డు తగ్గి, మిగిలిన గాలంతా ఒక్కసారిగా సైలోలోకి దూసుకెళ్తుంది. గాలిని బయటికి వదిలే అక్కడి ఫిల్టర్ బ్యాగులు దుమ్ము పట్టి ఉంటే సైలో పైకప్పే లేవొచ్చు. గేజి పడిపోవడం మొదలవగానే గాలి తగ్గించాలి. సైలో పైన దుమ్ము కనిపిస్తే అక్కడికక్కడే ఆపేయాలి.

సరుకును బట్టి జాగ్రత్త మారుతుంది. కాల్చిన సున్నం చెమటతో కలిసినా చాలు, చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పిండి, పంచదార ధూళి నిప్పురవ్వకు పేలుతుంది కాబట్టి హోస్ తగిలించే ముందే ఎర్తింగ్ వైరు తగిలించాలి. ప్లాస్టిక్ గింజలను తోసే గాలి వేడెక్కితే అవి పైపు గోడకు రాసుకుని దారాల్లా సాగి, అవతల ఫిల్టర్లకు అడ్డం పడతాయి. ఒకేలా కనిపించే రెండు సైలో పైపులు పక్కపక్కనే ఉన్నచోట సైలో దగ్గరి మనిషిని పిలిచి, చీటీలోని సరుకు పేరు చూపించి, అతనితోనే పైపు తాళం తీయించాలి. ఫ్లైయాష్ సైలోలో సిమెంటు పడితే వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం.

ఇదంతా ఒక పూట చెబితే వచ్చేది కాదు. వాల్వు మీద కొత్తవాడి చెయ్యి, గేజి మీద పాతవాడి కన్ను ఉండి కనీసం పది లోడ్లు, రకరకాల సరుకుతో దింపాలి. ఉద్యోగంలో చేరేవారు జీతం కంటే ముందు ఈ విషయమే అడగాలి. రెండో ప్రశ్న, అన్‌లోడింగ్ సమయానికి డబ్బులిస్తారా అని. లోడు దింపడానికి గంట అటూ ఇటూ పడుతుంది. ట్రిప్పు లెక్కన మాత్రమే కూలి ఇస్తే ఆ గంట డ్రైవర్ సొంత నష్టమవుతుంది. అడుగు వాల్వు ఒక్కసారిగా తెరిచేది, బుస ఆగకముందే మూత మీద చెయ్యి వేసేది ఆ నష్టం తగ్గించుకోవడానికే.