సిస్టరమ్మకు ఒత్తిడట!

మా అన్న కూతురు తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. ఎప్పుడు ఫోన్ చేసినా "టెన్షన్‌గా ఉంది చిన్నాయనా" అంటోంది. తెల్లబట్టలు కట్టుకుని, పైసా జీతం అడక్కుండా రోజంతా పనిచేసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? దొరికినందుకు సంతోషించకుండా ఈ టెన్షన్ ఏమిటని, బాధ్యత గల చిన్నాయనగా విచారణకు దిగాను.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్ని చలిలో పెట్టి, అతిగా శ్రమపెట్టి, ఒత్తిడికి మూడు దశలున్నాయని తేల్చాడు. పాపం, ఆయన ఎలుకలకు రికార్డులు రాసే పని లేదు.

మొదటిది అలారం దశ. హాస్టల్లో ఇది తెల్లవారుజామున నాలుగున్నరకు మోగుతుంది. బాత్‌రూమ్ దగ్గర బకెట్ల వరస, బిగించి కట్టిన కొప్పు, మెస్సులో నోట్లో పెట్టీ పెట్టకముందే వదిలేసిన ఉప్మా.

రెండోది తట్టుకునే దశ. ఇది వార్డులో జరుగుతుంది. దుప్పటి మూల సరిగ్గా 45 డిగ్రీలకు మడిచి, ముడత లేకుండా పరుస్తుంది మా పిల్ల. అంతలో పేషెంటు బావమరిది దాని మీద కూర్చుని లడ్డూ కవరు విప్పుతాడు. సరిగ్గా అప్పుడే మేడమ్ రౌండుకు వస్తుంది. "ఇదేనా బెడ్ మేకింగ్?" తిట్లు పడేది పిల్లకు, లడ్డూ దక్కేది బావమరిదికి. "సిస్టరమ్మా, ఫ్యాన్ తిరగలా", "సిస్టరమ్మా, డాక్టరు ఎప్పుడొస్తాడు?" అన్నీ ఆమెకే. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయనైతే బీపీ చూపించుకుంటూ, బ్రేక్ దర్శనానికి లెటరు ఇప్పించమన్నాడట. తిరుపతిలో ఉన్నవాళ్ళందరి జేబుల్లో దర్శనం టికెట్లు ఉంటాయని లోకం నమ్మకం. ఆయన బీపీ నార్మలే, ఈమెది ఎవరూ చూడలేదు.

జనరల్ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో లెక్క కట్టింది. మా పిల్ల వార్డులో ముప్ఫై మందికి ఒక్క స్టాఫ్ నర్సు. ఆవిడ తిట్టిందంటే తప్పు పట్టలేను, ఆవిడకు తిట్టడానికి దొరికేది కూడా ఈ నర్సింగ్ పిల్లలే. మిగతా నలుగురు నర్సుల పని ఎవరు చేస్తున్నారని అడగకండి. దాన్ని క్లినికల్ అనుభవం అంటారు.

మూడోది నీరసించే దశ. మధ్యాహ్నం క్లాసులో కళ్ళు మూతలు పడటం దీని లక్షణం. దీనికి కాలేజీలో 'శ్రద్ధ లేకపోవడం' అని వేరే పేరుంది.

మరి తట్టుకునే మార్గం? పుస్తకాల్లో రెండు దారులున్నాయి. సమస్యను మార్చుకోవడం ఒకటి, మనసును మార్చుకోవడం ఇంకొకటి. మొదటిదానికి నర్సుల పోస్టులు నింపాలి, ఖర్చు. రెండోదానికి కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చోవడానికి ఒక చాప చాలు. పిల్లలు సొంతంగా కనిపెట్టినవీ ఉన్నాయి: బకెట్లో నీళ్ళు ధారగా వదిలి ఆ చప్పుడులో ఏడవడం, పాసైతే అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కుతామని మొక్కుకోవడం. పొద్దంతా వార్డులో నిలబడ్డ కాళ్ళతో మెట్ల మొక్కేమిటని అడిగితే, "అక్కడైతే ఎవురూ తిట్టరు గదా చిన్నాయనా" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాలేజీ కూడా ఊరుకోలేదు. 'ఒత్తిడి నివారణ' మీద రోజంతా తరగతి పెట్టింది. వారానికి ఉన్న ఒక్క సెలవు, ఆదివారం నాడు. హాజరు తప్పనిసరి. అదే విషయం మీద ఇరవై పేజీలు చేత్తో రాసి, బొమ్మలతో సహా సోమవారం ఉదయానికి ఇవ్వాలి.

నా చేతిరాత బాగుంటుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు ఆదివారం రాత్రి పదకొండున్నర. ఆమె మా ఇంట్లో టేబుల్ మీద తలపెట్టి నిద్రపోయింది. నేను ఎర్ర పెన్నుతో మార్జిన్లు కొట్టడం పూర్తిచేసి సెల్యే ఎలుకను గీస్తున్నాను. మూడుసార్లు చెరిపాను. తోక కుదిరింది గానీ, ముఖం మాత్రం మా పిల్లలాగే వస్తోంది.