మార్చి 31 ముహూర్తం

మనలో ఎవరైనా ఇల్లు కట్టుకోవాలంటే పంచాంగం తిరగేస్తారు. మూఢం పోవాలి, ఇంటాయన పేరు మీద తారాబలం కుదరాలి, స్లాబు రోజున అమావాస్య తగలకూడదు. సర్కారు బడికి ఇన్ని పట్టింపులు లేవు. సిద్ధాంతులతో పని లేకుండా ఖజానా శాఖే ఖాయం చేసిన ముహూర్తం ఒక్కటుంది: ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 లోపల, వీలైతే 29న. 2025లో మార్చి 30 ఆదివారం, పైగా ఉగాది. మర్నాడు రంజాన్. అయినా ముహూర్తం అంగుళం కదల్లేదు. పండగలు ఏటా వస్తాయి, గ్రాంటు రావద్దూ?

అయితే ఈ తేదీని అందుకోవడం తేలికని ఎవరూ అనుకోకండి. దాని వెనక ఏడాదిన్నర కఠోర ఆలస్యం ఉంటుంది.

ఆరు నుంచి ఎనిమిది దాకా నడిచే అప్పర్ ప్రైమరీ బడికి గది కావాలంటే ముందు పిల్లల తలలు లెక్కపెట్టాలి. బడుల వివరాలు ఏటా సేకరించే యూడైస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. ఆ లెక్క పట్టుకుని జిల్లా ప్రతిపాదన పంపుతుంది, రాష్ట్రం దాన్ని బడుల పథకమైన సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికలో కలుపుతుంది, ఢిల్లీలో ప్రాజెక్టు అప్రూవల్ బోర్డు కూర్చుని ఔనంటుంది. ఇక కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. కట్నం మాటల్లాగే ఒప్పుకోవడం ఒకనాడు, ఇవ్వడం ఇంకొకనాడు. పైగా ఇచ్చిన వాయిదాలో 75 శాతం ఖర్చు చూపిస్తేనే తర్వాతి వాయిదా. ఈలోగా పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఏనాడో దానమిచ్చి రిజిస్ట్రేషన్ మరిచిపోయిన స్థలానికి తహసీల్దారు స్కెచ్చు. ఆ తర్వాత టెండరు. మొదటి పిలుపుకు ఒక్కడూ రాడు. నిరుడు కట్టిన ప్రహరీ బిల్లే రానివాడు ఏ ధైర్యంతో వస్తాడు? రెండో పిలుపుకు వచ్చినవాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి పెట్టుబడి తెస్తాడు. ఆ వడ్డీని సిమెంటులోంచి రాబట్టుకుంటాడు.

అగ్రిమెంటు అయ్యేసరికి సంక్రాంతి, పునాది తవ్వేసరికి శివరాత్రి. నేల నల్లరేగడి అయితే పని ఇంకా రంజుగా ఉంటుంది. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకని కింద అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగు వెడల్పైన లోతు పునాది స్తంభాలు) వేయాలి. ఎర్రనేలకు గీసిన మామూలు నమూనా పునాదినే అక్కడా దించేస్తే మూడో వానాకాలానికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది. కాగితాల్లో దాని పేరు 'హెయిర్ క్రాక్'. ఎవరి జుట్టో మరి, మధ్యలో వేలు పడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 2022 సెప్టెంబరు 30న ఆరో తరగతిలో లెక్కకెక్కిన పిల్లాడు, 2024 మార్చిలో స్లాబు పడేనాటికి ఏడు ముగిస్తుంటాడు. మిగతా వాయిదా వచ్చి ఫ్లోరింగూ తలుపులూ పడే 2025 మార్చికి ఎనిమిది ముగించి హైస్కూలు టీసీ కోసం నిలబడతాడు. ఏ తలను లెక్కపెట్టి గది తెచ్చారో ఆ తల ఆ కప్పు కిందికి రాదు. వాడి అదృష్టం అనే అంటాను.

ఎందుకంటారా? మార్చి 29న స్లాబు దగ్గరకు రండి. ఒంటిపూట బడులు, పన్నెండున్నరకే పిల్లలు వెళ్లిపోయారు. మిక్సరు ఒంటిగంటకు తిరగడం మొదలైంది. వేడి 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు ఎలా వేయాలో చెప్పడానికి భారత ప్రమాణాల్లో ఐఎస్ 7861 అని వేరే కోడే ఉంది. దాన్ని ఎవరూ ఎండలోకి తీసుకురారు, పాపం. ఇరవై బై ముప్పై అడుగుల గది, ఐదంగుళాల మందం. బీములు వదిలేసినా ఏడు ఘనపు మీటర్లు. ఎం20 అనే మామూలు పాళ్ల కాంక్రీటుకు సుమారు 56 బస్తాల సిమెంటు కావాలి. దిగినవి 45. బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదని కాంక్రీటు పనుల కోడు ఐఎస్ 456 చెబుతుంది.

"సార్, మాలు కదలట్లేదు," అంటాడు మేస్త్రీ.

"ఇంకో బకెట్టు పొయ్యి."

పోశాడు. మాలు కదిలింది. కదలడమేమిటి, పప్పుచారులా పారింది. వైబ్రేటరు ఉంది, అందులో పెట్రోలు లేదు. ఒక కుర్రాడు ఊచతో పొడుస్తున్నాడు. కడ్డీలకు కింద 20 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలి, దానికి సిమెంటు బిళ్లలు పెట్టాలి. బిళ్లలు తేవడం మరిచారు, కాబట్టి కాళ్ల దగ్గరున్న కంకర రాళ్లే దూర్చారు. గమేళా ఎత్తుకున్న కూలీ కడ్డీల జాలీ మీద అడుగేసింది. రాయి పక్కకు జారింది. కడ్డీ వెళ్లి సెంట్రింగు షీటుకు అతుక్కుంది. ఆ క్షణంలోనే ఆ స్లాబు ఆయుష్షు రాసేశారు, బ్రహ్మ కూడా ఇంత త్వరగా రాయడు.

గొడుగు నీడన అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారు పని కొలతల ఎం-బుక్కు రాస్తున్నారు. అందులో ఈ స్లాబు 24వ తేదీనే వేసేశారు, కొలతలు దశాంశాలతో సహా. ఇక క్యూబులు, అంటే బలం పరీక్షకు అదే మాలుతో పోసే దిమ్మలు. ఏడు ఘనపు మీటర్లకు రెండు శాంపిళ్లు, శాంపిలుకు మూడు చొప్పున ఆరు క్యూబులు పోయాలి. వాటిని 28వ రోజున నలగ్గొడతారు. 29న పోసినవి ఏప్రిల్ 26కి గానీ నలగవు. ఏడో రోజు ఫలితం చాలనుకున్నా ఏప్రిల్ 5. బిల్లు మాత్రం మార్చి 31న పాసవ్వాలి. అందుకని ల్యాబుకు వెళ్లేవి ఈ స్లాబు కన్నబిడ్డలు కావు, దత్తపుత్రులు. కాంట్రాక్టరు యార్డులో మంచి సిమెంటు తిని, నెల్లాళ్లు తొట్టిలో జలకాలాడి, దిట్టంగా పెరిగినవి. మనవాడి ఉద్యోగం ఇంటర్వ్యూకు పక్కింటి ఫస్టు ర్యాంకు కుర్రాణ్ని పంపినట్టు. ఆ రిపోర్టు చూస్తే ఆనకట్ట కట్టవచ్చు.

అసలు తమాషా క్యూరింగు, అంటే కాంక్రీటును నీళ్లతో తడిపి ఉంచడం. ఎండలో వేసిన కాంక్రీటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, బూడిదలాంటివి కలిపిన బ్లెండెడ్ సిమెంటైతే 14 రోజులు మంచిది. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. నీళ్లేవి? బడికి బోరు లేదు. బోరు ఈ ఎస్టిమేటులోకి రాదు, తాగునీరు వేరే పద్దు. మొదటిరోజు ట్యాంకరు వచ్చింది. మడులు నిండాయి. చోటు వివరం నమోదయ్యే జియోట్యాగు ఫోటో అప్‌లోడైంది. రెండోరోజు ట్యాంకరు రాలేదు, ఫోటో ఒక్కటే కావాలి మరి. ఒక కుక్క వచ్చి ఆ చెమ్మలో కాసేపు పడుకుని, అదీ ఆరిపోయాక లేచిపోయింది. ఆ స్లాబును శ్రద్ధగా పర్యవేక్షించిన ప్రాణి అదొక్కటే. ఇరవై అడుగుల బీము కింద ఊతాలు 21 రోజులు ఉండాలి. పదో రోజుకే సెంట్రింగు వాడు అద్దె కిట్టట్లేదని బొంగులు విప్పి ట్రాక్టరెక్కించాడు. ఏప్రిల్ చివర సెలవులిచ్చారు. వినియోగ ధ్రువపత్రం మాత్రం ఏ పనికిచ్చిన నిధులు ఆ పనికే వాడామని అప్పటికే ఢిల్లీ చేరింది.

నీళ్లు తాగని కాంక్రీటు బోలుగా మిగులుతుంది. అందులోంచి గాలీ తేమా దూరి కడ్డీకి తుప్పు పట్టిస్తాయి, తుప్పుతో కడ్డీ ఉబ్బుతుంది, ఉబ్బి కింది పెచ్చును నెడుతుంది. పదేళ్లకో పన్నెండేళ్లకో ఆ పెచ్చు ఊడి పడేది మార్చి 31 మీద కాదు. లెక్కల క్లాసులో రెండో బెంచీ మీద.

ఇంతకీ ఆ లేని నీళ్లే, గది పక్కన కట్టిన మరుగుదొడ్లకూ లేవు. టైల్స్ ఉన్నాయి, కమోడ్లు ఉన్నాయి, గోడమీద చేతులు కడుక్కుంటున్న పాప బొమ్మ ఉంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మూడేళ్లలో ప్రతి బడికీ ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, తాగునీరు, ర్యాంపు, ప్రహరీ ఉండాలంది. ఆ గడువు ఏ రోజుతో ముగిసిందో తెలుసా? 2013 మార్చి 31. ఆరు నెలల్లో మరుగుదొడ్లూ నీళ్లూ కల్పించండని సుప్రీంకోర్టు 2012 అక్టోబరు 3న మళ్లీ చెప్పింది. మార్చి 31 అంటే అర్ధరాత్రి దాకా లైట్లు వేసుకుని బిల్లులు పాస్ చేసే ఈ దేశంలో ఆ ఒక్క మార్చి 31కి మాత్రం ఎవడి చొక్కా తడవలేదు!

పన్నెండేళ్ల పిల్ల పొద్దున తొమ్మిదింటికి బడికొచ్చి సాయంత్రం నాలుగింటిదాకా గుక్కెడు నీళ్లు తాగదు. తాగితే వెళ్లాలి కాబట్టి. నెలకు నాలుగు రోజులు అసలే రాదు. కొన్నాళ్లకు ఆ నాలుగు రోజులే మిగతా నెలను కూడా మింగేస్తాయి. దానికి 'డ్రాపౌట్' అని పేరు పెట్టి, తల్లిదండ్రులకు చైతన్యం లేదని సదస్సు పెడతారు. సదస్సులో బల్లల మీద వరసగా నీళ్ల సీసాలు. ఒక బోరు, ఒక మోటారు, ఐదొందల లీటర్ల ట్యాంకు, కరెంటు బిల్లు కట్టే ఒక పద్దు. అడుగుతున్నది ఇంతే. దీనికి ఏ కోడూ అక్కర్లేదు, ఏ క్యూబూ నలగ్గొట్టక్కర్లేదు. సిగ్గుంటే చాలు.

మళ్లీ సెప్టెంబరు 30 వస్తుంది. యూడైస్ ఫారంలో బాలికల మరుగుదొడ్లు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని అని పక్కపక్కన రెండు గడులుంటాయి. హెడ్మాస్టరు గారు మొదటి గడిలో 2 వేస్తారు. సొరుగులో కొబ్బరిపీచు దారానికి కట్టిన తాళంచెవి ఉంది. రెండో గడిలో సున్నా వేస్తే సంజాయిషీ మెమో వస్తుంది. పెన్ను కాసేపు గాల్లో ఆగుతుంది. ఆ గడిలోనూ 2 పడుతుంది.