మనిషి మాట చెల్లదు, మెదడే సాక్షి

తాగుడు మానేశారా అని మనిషిని అడగడం ఇకనైనా ఆపాలి. మనిషి మొహమాటపడతాడు, నిన్నటి లెక్క మరిచిపోతాడు, అవసరమైతే అబద్ధమూ ఆడతాడు. మెదడు అలా కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం అది. సీసా బొమ్మ చూపిస్తే చాలు, దొరికిపోతుంది. కాబట్టి తాగుడు మాన్పించే మాత్ర పనిచేస్తోందో లేదో, మెదడులో రక్తప్రవాహపు మార్పులను చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రాన్నే అడుగుదామన్నారు శాస్త్రజ్ఞులు. కాదనడానికి మనమెవరం?

విచారణ మహా మర్యాదగా సాగుతుంది. మనిషిని గొట్టంలోకి పంపి, తల కదలకుండా మెత్తలు దోపి, యంత్రం రొద వినపడకుండా చెవులకు బిరడాలు పెడతారు (బిరడాలు ఆయనకు కొత్త కాదు, చోటే కొత్త). కళ్ళ ముందున్న అద్దంలో బీరు గ్లాసు కనిపిస్తుంది, తరువాత పళ్ళరసం, మళ్ళీ విస్కీ. కొన్ని ప్రయోగాల్లో ముందుగా ఒక గుక్క మద్యం పోసి మరీ పడుకోబెడతారు. వైద్యుల చేతుల మీదుగా ఇంతటి ఆతిథ్యం ఇంకే రోగానికీ దక్కదు. ఆ బొమ్మలకు మెదడులో ఆశలు రేపే వెంట్రల్ స్ట్రయాటం అనే భాగం ఉలిక్కిపడితే ఆశ చావలేదని, ఊరకుంటే మాత్ర గెలిచిందని తీర్పు. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర వాడినవారిలో ఆ ఉలికిపాటు తగ్గిందని కొన్ని అధ్యయనాలు చూపాయి కూడా.

అయితే తెర మీది ఎర్ర మచ్చ మెదడులో ఉండదు. అది గణాంకాల మీద కంప్యూటర్ పూసిన రంగు. కొలిచేది రక్తంలోని ఆక్సిజన్ తేడాను, అదీ కొద్ది శాతమే, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఇలాంటి యంత్రంలోనే పెట్టి మనుషుల ఫోటోలు చూపించారు. కాకతాళీయంగా వెలిగే మచ్చలను ఏరివేసేలా లెక్కలను సరిదిద్దకుండా చూస్తే దాని మెదడులోనూ మచ్చ వెలిగింది. ఆ చేప మాత్రం మళ్ళీ చుక్క ముట్టలేదు.

అలాగని యంత్రాలను తీసిపారేయలేం. రోజుకు 50 మిల్లీగ్రాముల నాల్ట్రెక్సోన్ మద్యం తెచ్చే హుషారుకు తలుపుల్లాంటి, మెదడులోని మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాల్లో 90 శాతానికి పైగా కప్పేస్తుందని తేల్చింది, ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం జాడ పట్టే పెట్ స్కానింగే. మోతాదు చాలుతోందా అన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు దొరకదు. చిక్కల్లా ఆ తరువాతే. గ్రాహకాలన్నీ బుద్ధిగా తలుపులు మూసుకున్నా కొందరి చేయి సీసా వైపు పోతూనే ఉంటుంది. చేతిని ప్రశ్నించే యంత్రం ఇంకా రాలేదు.

పాతకాలం వారికి ఈ భాగ్యం లేదు పాపం. 1940లలో డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు, కడుపులోని పురుగులకు పనికొస్తుందేమోనని, తరువాత తాగుడు మాన్పించే మందుగా మారిన డైసల్ఫిరాం మాత్రను తామే మింగి చూశారు. ఆపైన మద్యం పుచ్చుకుంటే ఒంట్లో ఒకటే గడబిడ. ఆ మాత్ర మింగి తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఎర్ర మచ్చ అప్పుడూ ఉంది, కాకపోతే బయటికే కనిపించేది. 1994లో నాల్ట్రెక్సోన్‌కు, 2004లో ఎకాంప్రోసేట్ అనే మరో మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది కూడా తాగిన రోజులు, తాగని రోజులు లెక్కపెట్టే. ఎంత మోటు పద్ధతి!

ఇన్నేళ్ళయినా ఆ మాత్రలు అవసరమున్నవారిలో ఎక్కువమందికి చేరనే లేదు. రాసిచ్చే వైద్యులే తక్కువ. ఈ జబ్బుకూ స్కానింగే శరణ్యం. వైద్యులను ఒక్కొక్కరిగా గొట్టంలో పడుకోబెట్టి, అద్దంలో నాల్ట్రెక్సోన్ పేరు చూపించి, ఏ మూలైనా వెలుగుతుందేమో చూడాలి. పోల్చుకోవడానికి ఒక సాల్మన్‌ను సిద్ధంగా ఉంచుకుంటే సరి.